ఒక్క బెల్ట్ మీద బండి

(మిర్యాలగూడలో లారీ మెకానిక్‌లు, లేత్ పనివాళ్లు, బండి ఓనర్లు కూడిన సభలో చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఈ పుల్లీలు, బెల్ట్‌లు ఒకరి తర్వాత ఒకరు చేతిలోకి తీసుకుని చూడండి. వినడం కంటే చూడటం వల్ల ఎక్కువ తెలుస్తుంది.

పాత డీజిల్ లారీ ఇంజన్ ముందు ఉండి నీళ్ల పంపు, ఫ్యాన్, డైనమోలను తిప్పే వీ ఆకారపు బెల్ట్‌లు, అంటే వీ బెల్ట్‌లు తీసేసి, కొత్త బండ్లకు వచ్చే, లోపలి వైపు పొడవునా గీతలున్న బెల్ట్ ఒకే ఒక్కటి వేసుకోవడం ఎలాగో చెప్పమన్నారు. సర్పెంటైన్ బెల్ట్ అంటారు దాన్ని. షాపులో మనం పీకే బెల్ట్ అని అడుగుతాం, నేనూ అదే అంటాను.

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఈ పనిలో బెల్ట్ చిట్టచివర వచ్చే వస్తువు. ఎక్కించడం పది నిమిషాల పని. అసలు కష్టమంతా అంతకుముందే ఉంది. పుల్లీలన్నీ ఒకే వరసలో ఉండాలి, ఏది ఎటు తిరగాలో అటే తిరగాలి, ఎంత వేగంతో తిరగాలో అంతే తిరగాలి. ఇవి కుదిరితే మామూలు బెల్ట్ కూడా చాలా కాలం నడుస్తుంది. కుదరకపోతే ఎంత ఖరీదైన బెల్ట్ తెచ్చినా బండి నార్కట్‌పల్లి దాటదు.

ఈమధ్య ఈ పని గురించి అడిగేవాళ్లు ఎందుకు ఎక్కువయ్యారో మీకు తెలుసు. ఏసీ. మూడున్నర టన్నులు దాటిన సరుకు లారీలు 2025 అక్టోబర్ 1 నుంచి తయారైనవైతే డ్రైవర్ క్యాబిన్‌లో ఏసీ ఉండాలని కేంద్రం రూలు పెట్టింది. పాత బండికి ఆ రూలు లేదు. కానీ డ్రైవర్ ఊరుకుంటాడా? మే నెలలో వాడపల్లి సిమెంట్ ఫ్యాక్టరీ దగ్గర లోడు కోసం వరసలో ఆగిన బండిలో ఓ గంట కూర్చుని చూడండి. కొత్త బండి తోలి వచ్చినవాడు పాత బండి తాళం తీసుకోవడానికే ఇష్టపడటం లేదు. దాంతో ఓనర్ ఏసీ కిట్టు కొంటాడు. కిట్టు వచ్చాక దాని కంప్రెసర్‌ను తిప్పడానికి బెల్ట్ కావాలి, బ్లోయర్లకు, కూలింగ్ ఫ్యాన్లకు కరెంటు కావాలి, అంటే పెద్ద డైనమో కావాలి. పాత వీ బెల్ట్ మీద ఆ బరువంతా వేస్తే కీచుమని ఏడుస్తుంది. అప్పుడు మన షెడ్డుకు వస్తారు.

మన దగ్గర తిరిగే పాత ఇంజన్ల సంగతి కొంచెం చూద్దాం. టాటా వాళ్లు 1954లో జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో కలిసి లారీలు మొదలుపెట్టారు. 1969లో ఆ ఒప్పందం ముగిసింది, కానీ ఆ ఇంజన్ల వంశం ఇక్కడ ఇంకా చాలా కాలం నడిచింది. టాటా 697 ఇంజన్ విప్పినవాళ్లు ఎంతమంది ఉన్నారు ఇక్కడ? చూడండి, సగం చేతులు లేచాయి. ఆ ఇంజన్ ముందు భాగమంతా వీ బెల్ట్ కాలపు ఆలోచన. 1993లో టాటా, కమిన్స్ కలిసి కంపెనీ పెట్టాక జంషెడ్‌పూర్ నుంచి వచ్చిన 5.9 లీటర్ల బీ సిరీస్ ఇంజన్ ముందు నిలబడితే వేరే కాలం కనిపిస్తుంది. ఒకటే వెడల్పాటి బెల్ట్, పక్కన దాన్ని బిగువుగా పట్టి ఉంచే స్ప్రింగ్ టెన్షనర్. కార్లలోనైతే 1979 ఫోర్డ్ మస్టాంగ్‌కే ఈ పద్ధతి వచ్చేసింది. కాబట్టి మనం కొత్తగా కనిపెట్టేది ఏమీ లేదు. పక్క షెడ్డులో ఉన్న కమిన్స్ ఇంజన్ ముందు అరగంట స్టూలు వేసుకుని కూర్చోండి. బెల్ట్ గీతల వైపు ఎక్కడ తగులుతోంది, వీపు ఎక్కడ తగులుతోంది, టెన్షనర్ ఏ పక్కన ఉంది, అన్నీ కాగితం మీద గీసుకోండి. ఏ యూట్యూబ్ వీడియో కూడా అంత చెప్పదు.

వీ బెల్ట్ గాడిలో దిగబడి పనిచేస్తుంది. దాని పక్కలు గాడి గోడలను పట్టుకోవాలి, అడుగు మాత్రం తగలకూడదు. గాడి అడుగున మెరుపు కనిపించిందంటే బెల్ట్ అయినా అరిగింది, పుల్లీ అయినా అరిగింది. ఇది మందం బెల్ట్. చిన్న పుల్లీ చుట్టూ వంగాలంటే లోపల్లోపల వేడెక్కుతుంది, వెనక్కి వంచితే ఇంకా త్వరగా చస్తుంది. పీకే బెల్ట్ పల్చన. గీతకీ గీతకీ మధ్య దూరం 3.56 మిల్లీమీటర్లు. 8పీకే1500 అని ముద్ర ఉంటే ఎనిమిది గీతలు, 1500 మిల్లీమీటర్ల పొడవు అని అర్థం. ఎనిమిది గీతల బెల్ట్ వెడల్పు 28 మిల్లీమీటర్ల పైచిలుకు వస్తుంది. ఇది రెండు వైపులా వంగుతుంది, అందుకే పుల్లీల సందుల్లో మెలికలు తిరుగుతూ పోయి అన్నింటినీ ఒక్కటే తిప్పగలదు.

వీ బెల్ట్‌కు వచ్చే రోగాల్లో సగం మన చేతి నుంచి వచ్చేవే. కీచుమంటే చాలు, డైనమో వెనక జాకీ రాడ్ దూర్చి మీద పడి లాగి బిగిస్తాం. బొటనవేలితో నొక్కితే కొంచెమైనా దిగాలి, వీణ తీగలా మోగకూడదు. ఆ బిగువంతా వాటర్ పంపు బేరింగ్ మీద పడుతుంది. బేరింగ్ పోయి నీళ్లు కారడం మొదలయ్యాక, పంపు డూప్లికేట్ అని కొట్టువాడితో గొడవకు పోతాం. జంట బెల్ట్‌లున్న చోట ఇంకో అలవాటు: ఒకటి తెగితే ఒకటే మారుస్తాం. కొత్తది బరువంతా మోస్తుంది, సాగిన పాతది పక్కన ఊరికే తిరుగుతుంది. స్ప్రింగ్ టెన్షనర్ ఉంటే మన చేతికి ఈ పెత్తనం ఉండదు, ఎంత బిగువు కావాలో స్ప్రింగే చూసుకుంటుంది. నన్నడిగితే పీకే బెల్ట్‌లో అసలు లాభం బెల్ట్ కాదు, ఆ టెన్షనరే.

ఓనర్లకు ఒక మాట. మీ బండికి ఏసీ లేదు, పెట్టించే ఆలోచనా లేదు, ఉన్న డైనమోనే చాలుతోంది, బెల్ట్‌లు పద్ధతిగా మారిస్తే నడిచిపోతున్నాయి అంటే ఈ పని జోలికి పోకండి. వీ బెల్ట్ ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. రాత్రిపూట జడ్చర్ల-కోదాడ రోడ్డు మీద ఎక్కడో తెగినా, తెల్లారి ట్రాక్టర్ సామాన్ల కొట్టు తెరిస్తే సరిపోయే సైజు ఏదో ఒకటి దొరుకుతుంది. మీరు సొంతంగా కట్టుకున్న వరసకు సరిపోయే 8పీకే పొడవు మాత్రం అక్కడ దొరకదు. పైగా బెల్ట్ ఒక్కటే కాబట్టి అది తెగితే అన్నీ ఒకేసారి ఆగుతాయి. పంపు ఆగుతుంది, ఫ్యాన్ ఆగుతుంది, డైనమో ఆగుతుంది. బెల్ట్ పోయిందని తెలిశాక పెట్రోల్ బంకు దాకా పోదాం అనుకోకూడదు. బండి పక్కకు తీసి ఇంజన్ ఆపేయాల్సిందే. లేకపోతే హెడ్డు గ్యాస్కెట్‌తో పోతుందో, హెడ్డే పగులుతుందో చెప్పలేం.

దీనికంటే ముఖ్యమైన సంగతి ఇంకోటి ఉంది, దయచేసి అటు మాట్లాడుకోకుండా వినండి. బ్రేకులకు గాలి నింపే ఎయిర్ కంప్రెసర్. కొన్ని ఇంజన్లలో అది గేరు మీద తిరుగుతుంది, దాంతో మనకు పేచీ లేదు. బెల్ట్ మీద తిరిగే పాత ఇంజన్లు కూడా ఉన్నాయి. అలాంటి బండిలో కంప్రెసర్‌ను కూడా కొత్త ఒక్క బెల్ట్ మీదికి తెద్దాం, ముందు భాగం శుభ్రంగా కనిపిస్తుంది అని సరదా పడేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. దాని వీ బెల్ట్ దానికి విడిగానే ఉంచండి. ఒక్క బెల్ట్ తెగితే నీళ్లు, కరెంటు పోవడమే చాలు, దాంతోపాటు గాలి కూడా ఎక్కకపోతే ట్యాంకులో మిగిలిన గాలితో కొన్ని బ్రేకులు వస్తాయి, అంతే. శ్రీశైలం ఘాట్‌లో లోడుతో దిగుతూ బ్రేకు మీద బ్రేకు కొట్టే డ్రైవర్‌ను తలుచుకోండి. అందం కోసం అంత ప్రమాదం తెచ్చుకోవద్దు. క్రాంకు, అంటే ఇంజన్ తిప్పే ప్రధాన షాఫ్ట్, దాని పుల్లీ మీద ఆ ఒక్క వీ గాడి వదిలి, దాని ముందో వెనకో ఎనిమిది గీతలు తీయించండి. చూడటానికి సగం సగం పనిలా ఉంటుంది, ఉండనివ్వండి.

ఇప్పుడు తిరిగే దిక్కు. ముందు నుంచి చూస్తే ఇంజన్ గడియారం ముల్లు తిరిగినట్టు తిరుగుతుంది. బెల్ట్ గీతల వైపు తగిలిన పుల్లీలన్నీ క్రాంకుతో పాటు అటే తిరుగుతాయి. బెల్ట్ వీపు తగిలిన పుల్లీ ఎదురు తిరుగుతుంది. ఇది చదువు రాని పిల్లాడికి కూడా అర్థమయ్యే సంగతే, కానీ ఇంజన్ మీద చోటు సరిపోక బెల్ట్‌ను అటూ ఇటూ తిప్పేటప్పుడు సరిగ్గా ఇదే మర్చిపోతారు. కార్లలో కొన్ని ఇంజన్లకు వాటర్ పంపును బెల్ట్ వీపుతోనే తిప్పుతారు, అక్కడ పంపు రెక్కలు దానికి తగ్గట్టే చేసి ఉంటాయి. మన పాత లారీ పంపు రెక్క ఒక వైపు తిరగడానికే వంపు తిరిగి ఉంటుంది. ఎదురు తిప్పితే పంపు పూర్తిగా ఆగదు, కొద్దిగా నీళ్లు తోస్తూనే ఉంటుంది. మోసం అక్కడే ఉంది. షెడ్డులో స్టార్ట్ చేసి పావుగంట ఉంచితే టెంపరేచర్ బాగానే ఉంటుంది, ఖాళీ బండి ట్రయల్ కొట్టినా బాగానే ఉంటుంది. ధాన్యం లోడు ఎక్కించి ఎండలో ఎక్కుడు మొదలుపెట్టినప్పుడు ముల్లు ఎర్ర గీతలోకి పోతుంది. చాలా పాత ఇంజన్లలో ఫ్యాన్ కూడా పంపు షాఫ్ట్ మీదే ఉంటుంది కాబట్టి అదీ ఎదురు తిరుగుతుంది, గాలిని రేడియేటర్ నుంచి లాక్కోవడం మానేసి రేడియేటర్ మీదికి కొడుతుంది. బండి ముందుకు పోతుంటే ఎదురొచ్చే గాలి ఒక వైపు, ఫ్యాన్ గాలి ఇంకో వైపు. రెండూ కొట్టుకుని మధ్యలో గాలి నిలిచిపోతుంది.

పవర్ స్టీరింగ్ పంపు కూడా ఒకే దిక్కుకు. డైనమో మాత్రం ఎటు తిప్పినా కరెంటు ఇస్తుంది, కానీ దాని చల్లదనానికి ఉన్న రెక్కలు వంపు తిరిగినవైతే ఒక్క దిక్కుకే గాలి లాగుతాయి. ఎదురు తిప్పితే ఛార్జింగ్ బాగానే చూపిస్తుంది, కొన్నాళ్లకు డయోడ్లు మాడతాయి. అందుకని నా పద్ధతి: పని చేసే పుల్లీలన్నింటికీ గీతల వైపే తగలాలి. వీపు వైపు టెన్షనర్‌కు, బెల్ట్ దారి మళ్లించడానికి మాత్రమే తిరిగే ఐడ్లర్ పుల్లీకి వదిలేయండి.

లేత్ పనివాళ్లు ఇప్పుడు కొంచెం జాగ్రత్తగా వినాలి. ఓనర్ పాత పుల్లీ తెచ్చి మీ ముందు పెట్టి, ఇదే సైజులో గీతల పుల్లీ తీయమంటాడు. మీరు వెర్నియర్ పెట్టి బయటి కొలత తీసుకుంటారు. ఆ కొలతతోనే చేస్తే వేగం మారిపోతుంది. వీ బెల్ట్ పుల్లీ అంచు మీద నడవదు, గాడి లోపలికి దిగి నడుస్తుంది. లెక్కకు వచ్చే వ్యాసం బయటి కొలత కంటే బెల్ట్ సైజును బట్టి 6 నుంచి 8 మిల్లీమీటర్లు తక్కువ. పీకే బెల్ట్ దాదాపు పుల్లీ బయటి అంచు మీదే నడుస్తుంది. ఉదాహరణకు క్రాంకు పుల్లీ బయటి కొలత 200, డైనమోది 80 అనుకోండి. వీ బెల్ట్‌తో అసలు లెక్క 193 బై 73, అంటే క్రాంకు ఒక చుట్టు తిరిగితే డైనమో 2.64 చుట్లు. అదే బయటి కొలతలతో గీతల పుల్లీలు చేస్తే 200 బై 80, రెండున్నర చుట్లే. ఐదు శాతం పోయింది. పెద్ద పుల్లీలో 7 మిల్లీమీటర్లు లెక్కలోకి రావు, చిన్న పుల్లీలో వస్తాయి. ఏసీ కోసం పెద్ద డైనమో పెట్టుకుని ఐడిల్‌లో, అంటే బండి ఆగి ఇంజన్ ఊరికే తిరిగేటప్పుడు, దాన్ని మునుపటికంటే నెమ్మదిగా తిప్పితే, రాత్రిపూట టోల్ గేటు వరసలో హెడ్‌లైట్లు, బ్లోయరు వేసుకుని నిలబడ్డప్పుడు బ్యాటరీ దిగుతుంది. ఓనర్ వచ్చి డైనమో కొట్టువాడిని తిడతాడు.

అలాగని పుల్లీ చిన్నది చేసి వేగం పెంచేయకండి. ముఖ్యంగా ఫ్యాన్ వేగం. ఫ్యాన్‌ను పది శాతం ఎక్కువ వేగంతో తిప్పితే గాలి పది శాతమే పెరుగుతుంది, కానీ అది తినే బలం మూడింట ఒక వంతు పెరుగుతుంది. వేగాన్ని మూడుసార్లు గుణిస్తే వచ్చే లెక్క అది: 1.1 ఇంటూ 1.1 ఇంటూ 1.1 అంటే 1.33. ఆ బలం ఎక్కడి నుంచి వస్తుంది? డీజిల్ ట్యాంకు నుంచి. ఇంజన్ వేడెక్కుతోందంటే ముందు రేడియేటర్ రెక్కల్లో ఇరుక్కున్న ఊక, దుమ్ము కడగండి. మిల్లుల ఊళ్లో ఉన్నాం, ఆ మాట వేరే చెప్పక్కర్లేదు.

పుల్లీ తీయడంలో ఇంకో రెండు మాటలు. గీతలు తీసే టూల్‌ను గ్రైండర్ మీద చేత్తో అంచనాగా పట్టి ఒక్కో గీత లెక్కపెట్టుకుంటూ తీస్తే ఎనిమిదో గీతకు వచ్చేసరికి తేడా పోగుపడుతుంది. గీత కోణం 40 డిగ్రీలు, మధ్య దూరం 3.56. దానికని తయారు చేసిన టూల్ వాడండి, లేదా స్క్రాప్‌లో దొరికే కంపెనీ పుల్లీ తెచ్చి మధ్య రంధ్రం, బోల్టు రంధ్రాలు మార్చుకోండి. నేనైతే రెండోదానికే ఓటు. అయ్యాక ఒక కొత్త బెల్ట్ ముక్కను గాళ్లలో కూర్చోబెట్టి వెనక టార్చి పెట్టి చూడండి. ఎక్కడో ఒక చోట వెలుతురు సందు కనిపిస్తే ఆ గీతలు కుదరలేదు. పుల్లీని ఇంజన్ మీద మధ్యకు తెచ్చేది బోల్టులు కావు, మధ్య రంధ్రంలో కూర్చునే గుండ్రటి మెడ, అదే స్పిగాట్. బోల్టు రంధ్రాల్లో ఎప్పుడూ కొంచెం ఆట ఉంటుంది. బిగించాక డయల్ గేజ్ పెట్టి తిప్పితే పుల్లీ ఊగుడు పావు మిల్లీమీటరు లోపు ఉండాలి.

క్రాంకు ముందున్న డ్యాంపర్‌తో మాత్రం ఆటలొద్దు. గుండ్రంగా బరువుగా ఉంటుందే, అది. కొన్నింటి లోపల రబ్బరు, కొన్నింటి లోపల చిక్కటి సిలికాన్ ద్రవం ఉంటాయి. క్రాంకు షాఫ్ట్ మెలితిరిగే వణుకును అది తింటుంది. దాని మీద పుల్లీని వెల్డింగ్ చేస్తే ఆ వేడికి లోపల ఉన్నది పాడైపోతుంది, పైకి ఏమీ కనిపించదు. డ్రిల్ వేయకూడదు, సుత్తితో కొట్టకూడదు. చొట్ట పడితే పక్కన పెట్టేయాల్సిందే. డ్యాంపర్ పనిచేయడం మానేస్తే క్రాంకు విరిగేదాకా తెలియదు.

ఇంజన్ డీజిల్‌ది కాబట్టి వణుకు గురించి ఇంకొంచెం చెప్పాలి. ఆరు సిలిండర్ల ఇంజన్ ఒక చుట్టుకు మూడుసార్లు మండుతుంది. 600 ఆర్‌పీఎం ఐడిల్‌లో సెకనుకు 30 దెబ్బలు. దెబ్బ పడ్డప్పుడల్లా క్రాంకు ఉరుకుతుంది, మరుక్షణం తగ్గుతుంది. డైనమో లోపలి రోటార్ బరువైనది, క్రాంకు కంటే రెండు మూడు రెట్ల వేగంతో తిరుగుతుంటుంది, అది వెంటనే తగ్గనంటుంది. దాంతో క్రాంకు ఉరికినప్పుడు బెల్ట్ డైనమోను లాగుతుంది, క్రాంకు తగ్గినప్పుడు డైనమోనే బెల్ట్‌ను లాగుతుంది. ఈ గుంజులాట సెకనుకు 30 సార్లు. టెన్షనర్‌లో ఒట్టి స్ప్రింగ్ ఉంటే అది ఎగిరెగిరి పడుతుంది. మంచి టెన్షనర్‌లో స్ప్రింగ్‌తో పాటు రాపిడి పట్టీ ఉంటుంది, అది ఎగురుడును ఆపుతుంది. అందుకే స్క్రాప్‌లో కొన్న టెన్షనర్‌ను చేత్తో తిప్పి చూడండి. పానా పెట్టి లాగితే మెత్తగా, బరువుగా కదలాలి. గరగరమన్నా, మధ్యలో పట్టేసినా, వదిలితే టక్కున వెనక్కి కొట్టినా వద్దు. డైనమోకు ఒక వైపే పట్టే క్లచ్ పుల్లీ దొరికితే ఇంకా మంచిది, క్రాంకు తగ్గినప్పుడు డైనమో దాని పాటికి అది తిరుగుతుంది.

టెన్షనర్ ఎక్కడ పెట్టాలి? క్రాంకు పుల్లీ బెల్ట్‌ను లాక్కునే వైపు బిగువు, వదిలిపెట్టే వైపు వదులు. టెన్షనర్ వదులు వైపే ఉండాలి. బిగువు వైపు పెడితే ఏసీ కంప్రెసర్ క్లచ్ పట్టినప్పుడల్లా టెన్షనర్ చెయ్యి వెనక్కి పోతుంది, అవతలి వైపు బెల్ట్ జారుతుంది. టెన్షనర్లు కుడి చేతివీ, ఎడమ చేతివీ ఉంటాయి, స్ప్రింగ్ ఎటు తోస్తుందో చూసి కొనండి.

బెల్ట్ పుల్లీని ఎంత చుట్టుకుందన్నది కూడా చూడాలి. పలుపును గుంజకు ఊరికే ఆనిస్తే ఎద్దు లాక్కుపోతుంది, రెండు చుట్లు వేస్తే చిన్న పిల్లాడు కొస పట్టుకున్నా ఆగుతుంది. బెల్ట్ పట్టూ అంతే, చుట్టు పెరిగే కొద్దీ ఎన్నో రెట్లు పెరుగుతుంది. చిన్న పుల్లీ, పెద్ద బరువు ఉన్నది డైనమోకే కాబట్టి దాని చుట్టు సగానికి దగ్గరగా, 150 డిగ్రీలకు తగ్గకుండా తెచ్చుకోవాలి. తక్కువైతే పక్కన ఒక నున్నటి ఐడ్లర్ పెట్టి బెల్ట్‌ను లోపలికి నొక్కండి.

బ్రాకెట్ల గురించి. ఏసీ కంప్రెసర్‌కు, టెన్షనర్‌కు మీరు చేసే బ్రాకెట్ ఇంజన్ బ్లాకు మీద ఇదివరకే ఉన్న బోల్టు రంధ్రాలకే పోవాలి. టైమింగ్ కవర్‌కు, వాటర్ పంపు బాడీకి వేలాడదీయొద్దు, అవి పల్చటి పోత సామాను. పల్చటి పట్టీ వద్దు, మందం ప్లేటు వాడి మూలకు ఆనింపు ముక్క వెల్డింగ్ చేయండి. వెల్డింగ్ చేశాక ప్లేటు కొంచెం వంగుతుంది, ప్రతిసారీ వంగుతుంది. అందుకే కూర్చునే ముఖాన్ని వెల్డింగ్ తర్వాత మిల్లింగ్ చేయించాలి, ముందు కాదు.

వరస చూడటానికి చాలామంది పుల్లీల అంచుల మీద ఇనుప స్కేలు ఆనిస్తారు. ఒక పుల్లీ అంచు మందం, ఒకదానిది పల్చన, అంచులు కలిస్తే గాళ్లు కలిసినట్టు కాదు. ఇంజన్ ముఖం నుంచి ఒక్కో పుల్లీ మొదటి గాడి దాకా లోతు కొలవండి, కాగితం మీద రాసుకోండి. పక్క పక్క పుల్లీల మధ్య అడుగు దూరానికి ఒకటిన్నర మిల్లీమీటరు కంటే తేడా రాకూడదు. వీ బెల్ట్ ఇంతకంటే ఎక్కువ తప్పులు క్షమిస్తుంది, పీకే బెల్ట్ క్షమించదు. గీత తప్పి పక్క గీతలోకి ఎక్కితే అంచు దారాలు ఊడి చీపురు పుల్లల్లా ఎగురుతాయి.

పొడవు కొలవడానికి నైలాన్ తాడు వాడకండి, సాగుతుంది. టెన్షనర్ చెయ్యి దాని తిరుగుడులో సగం దగ్గర ఆపి, సన్న వైరు చుట్టి కొలవండి. ఆ కొలతకు దగ్గరగా దొరికే రెండు మూడు సైజులు తెచ్చుకుని ఎక్కించి చూడండి. ఏది వేస్తే టెన్షనర్ గుర్తు రెండు గీతల మధ్యలోకి వస్తుందో అదే మీ బెల్ట్. కొనేటప్పుడు రెండు కొనండి, రెండోది క్యాబిన్‌లో సీటు వెనక ఉండాలి. బెల్ట్ తిరిగే దారి బొమ్మ గీసి, ప్లాస్టిక్ వేసి, ఇంజన్ మూత లోపల అంటించండి. ఎందుకంటే కట్టింది మీరు, తెగినప్పుడు ఎక్కించేది కట్టంగూర్ దగ్గర రోడ్డు పక్క ఉన్న ఎవరో తమ్ముడు.

ఆయిల్ సంగతి. ఇప్పుడొచ్చే పీకే బెల్ట్‌లు ఎక్కువగా ఈపీడీఎం రబ్బరు. ఎండకు, వేడికి గట్టిది, కానీ ఆయిల్ తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. పాత ఇంజన్ అంటే ముందు క్రాంకు సీలు నుంచి చెమట పట్టకుండా ఉంటుందా? ఏ పుల్లీ ముట్టకముందే ఆ సీలు మార్చండి. ఈ రబ్బరులో ఇంకో మెలిక, ఇది పాత నియోప్రీన్ బెల్ట్‌లా పగుళ్లు చూపించి ముందే చెప్పదు. గీతల మధ్య లోయ అరిగి వెడల్పవుతుంది, బెల్ట్ కిందికి దిగుతుంది, పట్టు పోతుంది, పైకి మాత్రం నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది. కొత్త బెల్ట్ ముక్కతో పోల్చి లోయ లోతు చూడటమే మార్గం.

అంతా అయ్యాక చప్పుడు వస్తే? చప్పుళ్లు రెండు రకాలు. చిక్ చిక్ చిక్ అని పిచ్చుక అరిచినట్టు వస్తే వరస తప్పు. కీచు అని సాగదీసి అరిస్తే జారుడు. అనుమానం ఉంటే, దూరంగా నిలబడి, ఫ్యాన్‌కు చెయ్యి తగలకుండా, తిరుగుతున్న బెల్ట్ గీతల వైపు బాటిల్‌తో కొంచెం నీళ్లు చల్లండి. నీళ్లు పడగానే చప్పుడు ఆగి మళ్లీ మొదలైతే వరస చూసుకోండి. నీళ్లు పడగానే ఇంకా పెద్దగా అరిస్తే టెన్షన్ చాలలేదు. సబ్బు రుద్దడం, కొవ్వొత్తి రుద్దడం, గ్రీజు పూయడం, ఇవేవీ వద్దు. చప్పుడు రెండు రోజులు ఆగుతుంది, దుమ్ము అంటుకుంటుంది, ఆ దుమ్ము గీతలను తినేస్తుంది.

ఏమన్నారు? గట్టిగా అడగండి అన్నా... ఆరు గీతల బెల్ట్ చాలదా అంటున్నారు. చిన్న డీసీఎంకు, ఏసీ లేకుండా అయితే చాలొచ్చు. ఆరు సిలిండర్ల లారీకి, ఫ్యాన్, పెద్ద డైనమో, ఏసీ అన్నీ ఒకే బెల్ట్ మీదంటే ఎనిమిదికి తగ్గకండి. పుల్లీ ఎన్ని గీతలదైతే బెల్ట్ అన్ని గీతలదే వేయండి. ఎనిమిది గీతల పుల్లీ మీద ఆరు గీతల బెల్ట్ వేసి చవకగా అయ్యింది అనుకోవద్దు.

ఆర్‌టీఏ ఆఫీసుకు పోవాలా అని అడుగుతున్నారు. బెల్ట్, పుల్లీ మార్చితే ఆర్‌సీలో రాసిన వివరాలేవీ మారవు. ఇంజనే తీసి వేరే ఇంజన్ వేస్తే మాత్రం ముందుగా అనుమతి తీసుకోవాలి, ఆ పని చేసి కాగితం లేకుండా తిరగొద్దు.

ఆ వెనక తమ్ముడు ట్రాక్టర్‌కు చేయొచ్చా అంటున్నాడు. మూడు సిలిండర్ల ట్రాక్టర్ ఇంజన్ ఆరు సిలిండర్ల దానికంటే ఇంకా కుదుపుతో తిరుగుతుంది, బెల్ట్ మీద ఉండేది మామూలుగా పంపు, ఫ్యాన్, చిన్న డైనమో. దానికి వీ బెల్టే ఉంచు. ఏసీ క్యాబిన్ పెట్టిస్తే, ఏసీ కంప్రెసర్‌కు క్రాంకు నుంచి విడిగా ఇంకో బెల్ట్ వేయించు, నీళ్ల పంపు బెల్ట్ ముట్టుకోవద్దు. ఏసీ బెల్ట్ తెగితే చెమట పడుతుంది, దున్నకం మాత్రం ఆగదు.